లెక్కలు రానివాళ్ళ ఫిజిక్సు

ఆడవాళ్ళ కోసం రాసిన పుస్తకం మగవాళ్ళు చదవరని లోకంలో ఒక నమ్మకం. వంటల పుస్తకం, అల్లికల పుస్తకం సంగతి సరే. సైన్సు పుస్తకమైనా "స్త్రీల కొరకు" అని అట్ట మీద కనిపిస్తే చాలు, ఇదేదో తేలిక సరుకులే అని పక్కన పెట్టేస్తారు. అలాంటి తేలిక సరుకు చదివిన ఓ కుర్రాడు, ఇవాళ మనింట్లో ఫ్యానూ మిక్సీ తిరగడానికి కారకుడయ్యాడంటే నమ్ముతారా?

ఆ కుర్రాడు మైకేల్ ఫారడే. 1791లో ఇంగ్లండులో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. ఇల్లు గడవడమే కష్టం. చదవడం, రాయడం, కాసిని కూడికలూ తీసివేతలూ వచ్చేసరికి బడి చదువు ముగిసింది. పధ్నాలుగో ఏట లండన్‌లో పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకోవడానికి కుదిరాడు. పగలల్లా పుస్తకాలు కుట్టడం, పని ముగిశాక వాటినే చదువుకోవడం. అలా చేతికొచ్చినవాటిలో ఒకటి "రసాయన శాస్త్ర సంభాషణలు" అనే అర్థం వచ్చే పేరున్న పుస్తకం. 1806 నాటిది. రాసినవారి పేరు పుస్తకం మీద లేదు.

రాసింది జేన్ మార్సెట్ అనే ఇల్లాలు. భర్త డాక్టరు. ఆ రోజుల్లో లండన్‌లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త ఉపన్యాసాలంటే పెద్ద ఆకర్షణ. మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళూ వెళ్ళి వినేవారు. ఈవిడా వెళ్ళింది. వింటూంటే బాగానే ఉంది గానీ, ఆ వేగానికి ఏదీ మనసులో నిలవలేదట. తర్వాత ఇంటి దగ్గర ఒక స్నేహితుడితో తీరిగ్గా మాట్లాడి, ఆ ప్రయోగాలు మళ్ళీ చేసి చూసుకున్నాక, అవే ఉపన్యాసాలు తేటతెల్లమయ్యాయి. అయితే ఇలాంటి సౌకర్యం లేని ఆడవాళ్ళ గతేమిటి అనుకుంది. అందుకని మిసెస్ బి. అనే టీచరమ్మ, ఎమిలీ, కారొలైన్ అనే ఇద్దరు అమ్మాయిలు మాట్లాడుకుంటున్నట్టుగా పుస్తకం రాసింది. అమ్మాయిలు అడుగుతారు, టీచరమ్మ చెబుతుంది. చెప్పింది నమ్మకపోతే ప్రయోగం చేసి చూపిస్తుంది.

ఇదే పద్ధతిలో 1819లో ఆవిడ ఫిజిక్సు మీద కూడా పుస్తకం రాసింది. అప్పట్లో ఆ శాస్త్రాన్ని ప్రకృతి తత్త్వశాస్త్రం అనేవారు.

ఫారడేకి లెక్కలు రావు. ఎప్పటికీ రాలేదు. అయినా 1831లో, అయస్కాంతాన్ని కదిలించి తీగచుట్టలో కరెంటు పుట్టించవచ్చునని కనిపెట్టింది ఆయనే. నీళ్ళతో తిరిగినా, బొగ్గు ఆవిరితో తిరిగినా, ఇవాళ కరెంటు పుట్టించే జనరేటర్లు నడిచేది ఆ సూత్రం మీదనే. పెద్దవాడై పేరు తెచ్చుకున్నాక ఆయన తన వ్యాసాలు అచ్చయినప్పుడు జేన్ మార్సెట్‌కి ప్రతులు పంపేవాడు. ఆవిడ 1858లో చనిపోయాక ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, నా మొదటి గురువు ఆవిడేనని చెప్పుకున్నాడు.

ఈ కథ ఎందుకు ఎత్తుకున్నానంటే, మన పిల్లలు పదో క్లాసుకి వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న తయారవుతుంది. "వీడికి లెక్కలు వస్తాయా? సైన్సు గ్రూపు లాగగలడా?" ఒక్క క్లాసులోనే ఎన్నో రకాల పిల్లలుంటారు. ఒకడు లెక్కల్లో చురుకు. ఒకమ్మాయికి లెక్కలంటే భయం, కానీ ఆకాశం ఎందుకు నీలంగా ఉందని అడక్కుండా ఉండలేదు. ఒకడు ఇంజనీరు అవుతాడు, ఒకడు కొట్టు పెట్టుకుంటాడు, ఒకతె నాలాగా బి.ఏ. చదివి కథలు రాసుకుంటుంది. వీళ్ళందరికీ ఒకే ఫిజిక్సు చెప్పాలా? ఎవరి స్థాయికి తగ్గది వాళ్ళకి చెప్పాలా?

మన దగ్గర ఇది పాత సంగతే. మా అమ్మ తరంలో హైస్కూలు చదివినవాళ్ళని అడగండి, జనరల్ మాథ్స్, కాంపోజిట్ మాథ్స్ అని రెండు ఉండేవని చెబుతారు. కాంపోజిట్ అంటే గట్టి లెక్కలు, జనరల్ అంటే తేలికవి. ఆడపిల్లకి జనరల్ చాల్లే అని ఇంట్లోవాళ్ళే తేల్చేసిన ఇళ్ళు ఎన్నో. ఆ మాట అన్నప్పుడు పిల్లకి పధ్నాలుగేళ్ళు కూడా నిండి ఉండవు. తర్వాత ఆ పిల్ల ఇంజనీరింగు చదువుతానన్నా దారి మూసుకుపోయేది.

ఇదే పేచీని నూట యాభై ఏళ్ళుగా పడుతూ, రకరకాలుగా ప్రయత్నించి చూసిన దేశం అమెరికా. అక్కడి కథ తెలుసుకుంటే మన ఇళ్ళల్లో మాటలకి కొంత వెలుగు వస్తుందని నా ఉద్దేశం.

మొదటి ఆశ్చర్యం. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో అమెరికా బడుల్లో ఫిజిక్సు ఎక్కువగా చదివింది ఆడపిల్లలట! కారణం వింటే నవ్వొస్తుంది. మగపిల్లలు కాలేజీకి వెళ్ళాలి. కాలేజీలో సీటు కావాలంటే గ్రీకు, లాటిను రావాలి. అందుకని వాళ్ళని ఆ భాషల ముందు కూర్చోబెట్టేవారు. ఆడపిల్లలకి కాలేజీ ఎలాగూ లేదు. వాళ్ళకేదో మనోవికాసానికి, దేవుడి సృష్టి గొప్పదనం తెలియడానికి ఈ ప్రకృతి తత్త్వశాస్త్రం, ఖగోళం చెబితే చాలన్నారు. జేన్ మార్సెట్ పుస్తకాలు సముద్రం దాటి ఆ బడులకి చేరి, మళ్ళీ మళ్ళీ అచ్చయ్యాయి. అంటే ఉద్యోగానికి పనికిరానంతకాలం ఫిజిక్సు ఆడపిల్లల చదువు. ఉద్యోగానికీ, కాలేజీ సీటుకీ పనికొస్తుందని తెలిసిన రోజు నుంచీ కథ మారిపోయింది.

ఆ మార్పు 1880లలో వచ్చింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్‌కి, ఫిజిక్సు బట్టీపట్టడం ఇష్టం లేదు. మా దగ్గర చేరదలచినవాడు బడిలోనే చేత్తో ప్రయోగాలు చేసి రావాలన్నాడు. ఏ ప్రయోగాలు చెయ్యాలో జాబితా తయారుచేసే పని ఎడ్విన్ హాల్‌కి అప్పగించాడు. విద్యార్థిగా ఉండగానే 1879లో "హాల్ ఎఫెక్టు" కనిపెట్టిన మహానుభావుడే ఈయన. 1887లో జాబితా వచ్చింది. నలభై ప్రయోగాలు. అన్నింటిలోనూ కొలతలే ముఖ్యం. తూచు, కొలువు, నోటుబుక్కులో రాయి, లెక్క కట్టు. ఉద్దేశం మంచిదే. కానీ హార్వర్డ్‌లో చేరే కుర్రాళ్ళ కోసం చేసిన జాబితా క్రమంగా దేశంలోని ఎన్నో హైస్కూళ్ళకి నమూనా అయి కూర్చుంది. హార్వర్డ్ గడప తొక్కే ఊసే లేని పిల్లలకీ అదే.

అయితే ఆ ఎలియట్‌నే మరీ తప్పు పట్టడానికి లేదు. 1892లో అమెరికా హైస్కూళ్ళలో ఏం చెప్పాలో తేల్చడానికి ఆయన అధ్యక్షతన పదిమంది సంఘం ఒకటి కూర్చుంది. పదిమందీ మగవాళ్ళేలెండి. వాళ్ళు చేసిన సిఫార్సుల్లో ఒకటి చాలా గొప్పది. ఒక పాఠం చెబితే అందరికీ ఒకేలా చెప్పండి, కాలేజీకి వెళ్ళేవాడికి ఒక రకం, వెళ్ళనివాడికి ఇంకో రకం వద్దు అన్నారు. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఒకే పంక్తి, ఒకే భోజనం.

కానీ పంక్తిలో వడ్డించిన భోజనం అందరికీ అరిగిందా అంటే, లెక్కలు ఇలా ఉన్నాయి. 1890లో అమెరికా హైస్కూలు పిల్లల్లో నూటికి 22.8 మంది ఆ ఏడాది ఫిజిక్సు చదువుతున్నారు. నాలుగేళ్ళ హైస్కూల్లో ఒక్క ఏడాదే ఉండే సబ్జెక్టు కాబట్టి, ఇంచుమించు అందరూ ఏదో ఒక ఏడాది చదివినట్టే లెక్క. 1900కి ఆ అంకె 19 అయింది. 1910కి 14.6. 1949 నాటికి 5.4! ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1890లో హైస్కూలు గడప తొక్కిన పిల్లలు దేశం మొత్తం మీద రెండు లక్షల చిల్లర. 1949కి యాభై లక్షలు దాటారు. అంటే ఫిజిక్సు చదివేవాళ్ళు తగ్గలేదు, పెరిగారు. కానీ కొత్తగా బడికొచ్చిన రైతుకూలీల పిల్లలు, వలసవచ్చినవాళ్ళ పిల్లలు, ఆడపిల్లలు, వీళ్ళలో చాలామంది ఫిజిక్సు తలుపు దగ్గరే ఆగిపోయారు.

దీనిమీద ఇద్దరు హాళ్ళ మధ్య భేదం వచ్చింది. ఎడ్విన్ హాల్ ఫిజిక్సు ఆయన. ఇంకొకరు జి. స్టాన్లీ హాల్, పిల్లల మనస్తత్వం చదివిన ఆయన. పిల్లవాడికి వస్తువులు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలని ఉబలాటం, మీరేమో వాడి చేతికి కొలబద్ద ఇచ్చి కొలవమంటున్నారు, అందుకే పారిపోతున్నాడన్నాడు స్టాన్లీ హాల్. మాట నిజమే. కానీ ఆయనకి ఇంకో అభిప్రాయం కూడా ఉండేది. ఆడపిల్లల చదువు మగపిల్లల చదువులా ఉండకూడదు, రేపు తల్లి కావలసిన పిల్లకి తగినట్టు ఉండాలని. మొదటి మాటతో పాటు రెండో మాటా బడుల్లోకి వచ్చేసింది.

అలా పుట్టిందే "ఇంటి ఫిజిక్సు". 1914లో కార్లటన్ లిండ్ అనే ప్రొఫెసరు "గృహ భౌతికశాస్త్రం" అనదగ్గ పేరుతో పుస్తకం తెచ్చాడు. ఆయన కెనడాలో గృహవిజ్ఞానం చదివే అమ్మాయిలకి ఫిజిక్సు చెప్పేవాడు. అమెరికాలోనూ అలాంటి పుస్తకాలు వచ్చాయి. కొన్ని హైస్కూళ్ళలో మగపిల్లలకి మామూలు ఫిజిక్సు, ఆడపిల్లలకి ఇంటి ఫిజిక్సు అని రెండు క్లాసులు పెట్టారు. కుళాయి ఎలా పనిచేస్తుంది, పొయ్యి వేడి గదిలో ఎలా తిరుగుతుంది, కత్తెర ఏ రకం తులాదండం, ఐసు పెట్టె ఎలా చల్లబడుతుంది, ఇవీ పాఠాలు.

ఇది విని ఛీ, ఎంత అవమానం అని మూతి ముడవకండి. నన్నడిగితే పాఠాల్లో తప్పేమీ లేదు. వంటిల్లు ఎంత పెద్ద ప్రయోగశాలో మనకి తెలియదూ! మామూలు గిన్నెలో నీళ్ళు నూరు డిగ్రీలకి మరుగుతాయి. ఇంకెంత మంట పెట్టినా నీటి వేడి పెరగదు, ఆవిరి కావడం పెరుగుతుందంతే. గ్యాసు దండగ. అదే కుక్కరులో ఆవిరిని బయటికి పోనివ్వకుండా నొక్కిపెడితే, లోపలి వత్తిడి పెరిగి నీళ్ళు సుమారు నూట ఇరవై డిగ్రీల దాకా వెళ్ళి మరుగుతాయి. కందిపప్పు అంత త్వరగా మెత్తబడేది అందుకే. ఈ సూత్రంతో 1679లోనే డెనీ పాపాఁ అనే ఫ్రెంచివాడు లండన్ రాయల్ సొసైటీ పెద్దలకి పాత్ర తయారుచేసి చూపించాడు. విజిలు లాంటి వాల్వు పెట్టే ఆలోచనా ఆయనదే.

ఇడ్లీ సంగతి ఇంకా చిత్రం. ఒక గ్రాము మరుగునీరు ఒక డిగ్రీ చల్లారితే ఒక కేలరీ వేడి వదులుతుంది. ఒక గ్రాము ఆవిరి ఇడ్లీ మీద వాలి నీరుగా మారితే 540 కేలరీలు వదులుతుంది. ఇడ్లీ అంత బాగా ఉడకడానికీ, మూత తీసేటప్పుడు చెయ్యి ఆవిరికి తగిలితే మరుగునీళ్ళకంటే ఘోరంగా కాలడానికీ కారణం ఒక్కటే. ఇది అచ్చమైన ఫిజిక్సే. ఏ ఇంజనీరింగు కాలేజీలో చెప్పినా ఇదే చెబుతారు.

మరి ఇంటి ఫిజిక్సులో తప్పెక్కడుంది? ఆ క్లాసు తర్వాత ఇంకో మెట్టు లేకపోవడంలో ఉంది. కుక్కరు దగ్గర మొదలుపెట్టి రైలింజను దాకా, అక్కణ్ణుంచి సూర్యుడిదాకా వెళ్ళొచ్చు. కానీ ఆ అమ్మాయిలని కుక్కరు దగ్గరే ఆపేశారు. ఇంటి ఫిజిక్సు చదివిన పిల్ల, నాకు ఇంకా తెలుసుకోవాలనుంది అంటే ఆమెకి చూపించే గది లేదు. జేన్ మార్సెట్ పుస్తకం కూడా ఆడవాళ్ళకి తేలికగా అర్థం కావాలని రాసిందే. తేడా ఏమిటంటే ఆవిడ తన పాఠకులని పైకి తీసుకెళ్ళడానికి తేలిక చేసింది, వీళ్ళు ఇక్కడ చాలని తేలిక చేశారు.

ఇక కథ రెండో ప్రపంచ యుద్ధం తర్వాతికి వస్తుంది. యుద్ధంలో రాడార్లూ, బాంబులూ తయారుచేసిన ఫిజిక్సువాళ్ళకి బాగా పేరొచ్చింది. వాళ్ళలో జెరల్డ్ జకారియాస్ అనే ఎం.ఐ.టి. ప్రొఫెసరు, మన హైస్కూలు ఫిజిక్సు పుస్తకాలు ఏమిటి ఇలా పాత సామాన్ల గదిలా ఉన్నాయి అని 1956లో ఒక సంఘం పెట్టాడు. దాన్నే పొడి అక్షరాల్లో పి.ఎస్.ఎస్.సి. అన్నారు. ఏడాది తిరిగేసరికి, 1957 అక్టోబరు 4న రష్యావాళ్ళు స్పుత్నిక్‌ని ఆకాశంలోకి వదిలారు. అమెరికాకి గుండె జారింది. మన పిల్లలు సైన్సులో వెనకబడ్డారో అని గగ్గోలు. 1958లో సైన్సు చదువులకి డబ్బు ఇచ్చే చట్టమే చేశారు. ప్రభుత్వం డబ్బు గుమ్మరించింది.

1960లో వాళ్ళ పాఠ్యపుస్తకం బయటికొచ్చింది. దాంతో పాటు సినిమాలు, చవకలో చేసుకునే ప్రయోగ సామగ్రి, ఉపాధ్యాయులకి శిక్షణలు. అడుగున అద్దం ఉన్న పళ్ళెంలో నీళ్ళు పోసి, అలలు లేపి, కింద కాగితం మీద పడే నీడలు చూస్తూ వెలుతురు స్వభావం నేర్చుకునే ప్రయోగం అప్పుడే బాగా ప్రచారంలోకి వచ్చింది. ఫిజిక్సంటే సూత్రాల మూట కాదు, ఆలోచించే పద్ధతి అని చూపించిన మంచి పాఠాలవి. కానీ మళ్ళీ పాత కథే. గొప్ప శాస్త్రవేత్తలు కూర్చుని, తమలాంటి పిల్లలకి నచ్చేలా రాసుకున్నారు. మామూలు పిల్లలకి అది కొరుకుడు పడలేదు. చాలామంది మాస్టర్లకే పడలేదు. ఇంజన్లు, యంత్రాలు వగైరా రోజూ చూసే వస్తువుల్ని చాలావరకు తీసేయడంతో, పట్టుకుని ఎక్కడానికి తాడు కూడా లేకుండా పోయింది.

అప్పుడు ముగ్గురు ముందుకొచ్చారు. ఒకరు జెరల్డ్ హోల్టన్, హార్వర్డ్‌లో ఫిజిక్సు ప్రొఫెసరు. చిన్నతనంలో నాజీల బారి నుంచి తప్పించుకుని వియన్నా నుంచి వచ్చేసినవాడు. రెండోవారు జేమ్స్ రూథర్‌ఫర్డ్, కాలిఫోర్నియాలో హైస్కూలు మాస్టరుగా పనిచేసినవాడు. మూడోవారు ఫ్లెచర్ వాట్సన్, టీచర్ల చదువు చూసే ప్రొఫెసరు. శాస్త్రం తెలిసినవాడు, పిల్లలు తెలిసినవాడు, బడి తెలిసినవాడు. ఇలాంటి ముగ్గురు ఒకచోట చేరడం అరుదు. 1962లో చిన్నగా మొదలెట్టిన వాళ్ళ పని "హార్వర్డ్ ప్రాజెక్టు ఫిజిక్సు" అనే పేరుతో పెరిగి, 1970లో పుస్తకాలుగా బజారులోకి వచ్చింది.

వాళ్ళ ఆలోచన ఇది. ఫిజిక్సుని ఒక కథగా చెబుదాం. మనుషులు చేసిన పనిగా చెబుదాం. ఆరు భాగాలు పెట్టారు. చలనం దగ్గర మొదలెట్టి, ఆకాశంలో గ్రహాల నడకకి వెళ్ళి, వెలుతురూ కరెంటూ చూసి, అణువు లోపలికి దిగుతారు. కెప్లర్ ఏళ్ళ తరబడి అంకెలతో కుస్తీ పట్టి గ్రహాలు కోడిగుడ్డు ఆకారపు దారిలో తిరుగుతాయని ఎలా తెలుసుకున్నాడో, గెలీలియోకి ఎందుకు కష్టాలొచ్చాయో, ఆవిరి యంత్రం వచ్చాక పనివాళ్ళ బతుకులు ఎలా మారాయో, అన్నీ పాఠంలో భాగమే. లెక్కలు లేకపోలేదు. కానీ లెక్క ఎందుకు కావలసివచ్చిందో తెలిశాక వస్తుంది. ఇంజనీరు కాబోయే కుర్రాడూ, చరిత్ర చదవబోయే అమ్మాయీ ఒకే బల్ల మీద కూర్చుని చదవగల పుస్తకం కావాలన్నది వాళ్ళ పట్టుదల. ముఖ్యంగా ఫిజిక్సుకి దూరమైపోతున్న ఆడపిల్లలు తిరిగి రావాలని ఆశించారు.

అంతటితో ఊరుకోక, తమ పాఠం నిజంగా పనిచేస్తోందా అని పరీక్ష పెట్టుకున్నారు. ఇది నాకు మరీ నచ్చింది. ఇష్టపడి వచ్చిన టీచర్లని తీసుకుంటే ఫలితం బాగానే ఉంటుంది, అందులో వింత లేదు. అందుకని దేశం మొత్తం టీచర్ల జాబితా నుంచి చీట్లు తీసినట్టు కొందరిని ఎంచి, వాళ్ళలో కొందరికి కొత్త పాఠం ఇచ్చి, కొందరిని పాత పాఠమే చెప్పమన్నారు. తర్వాత రెండు రకాల పిల్లలనీ పరీక్షించారు. మామూలు ఫిజిక్సు పరీక్షలో రెండు జట్లూ ఇంచుమించు సమానంగానే వచ్చాయి. కానీ కొత్త పాఠం చదివిన పిల్లలు పుస్తకాన్ని ఇష్టపడ్డారు, సబ్జెక్టు అంత భయంకరంగా లేదన్నారు. కథలు చెబితే సబ్జెక్టు పలచబడుతుందని భయపడ్డవాళ్ళకి అదీ జవాబు. అలాగని అద్భుతమూ జరగలేదు. హైస్కూలు ముగించేవాళ్ళలో ఫిజిక్సు చదివినవాళ్ళు 1987 నాటికి కూడా అయిదుగురిలో ఒక్కరే.

ఈలోగా ఇంకొకాయన వచ్చాడు, పాల్ హ్యూయిట్. ఈయన మొదట బాక్సింగు చేసినవాడు, తర్వాత బోర్డుల మీద అక్షరాలు రాసే పెయింటరు. ఎత్తయిన గోడ మీద రాసేటప్పుడు, రెండు తాళ్ళకి కట్టిన చెక్క మీద ఇద్దరు పెయింటర్లు నిలబడతారు. తోటి పెయింటరు ఒకరోజు, ఏ తాడు మీద బరువు ఎక్కువ పడుతోంది అని అడిగాడు. తాళ్ళని వీణ తీగల్లా మీటి చూశారు. బిగువు ఎక్కువున్న తాడు హెచ్చు శ్రుతి పలుకుతుంది కదా! ఒకడు రెండోవాడి వైపు నడిస్తే ఈ తాడు బరువు తగ్గుతుంది, ఆ తాడుది పెరుగుతుంది, మరి మొత్తం మారుతుందా? ఆ చెక్క మీద మొదలైన కుతూహలంతో ఆయన పెద్దవాడయ్యాక కాలేజీకి వెళ్ళి ఫిజిక్సు చదివాడు.

శాన్ ఫ్రాన్సిస్కోలో, సైన్సు గ్రూపు కాని పిల్లలకి ఫిజిక్సు చెబుతూ 1971లో "కాన్సెప్చువల్ ఫిజిక్సు" అని పుస్తకం రాశాడు. ముందు భావం, తర్వాత లెక్క అనేది ఆయన సూత్రం. బొమ్మలు కూడా తనే వేసుకున్నాడు. 1987లో హైస్కూలు పిల్లల కోసం ఇంకోటి తెచ్చాడు. ఆయన దృష్టిలో సమీకరణం అంటే లెక్క చేసే యంత్రం కాదు, ఏది పెరిగితే ఏది తగ్గుతుందో చెప్పే వాక్యం. వాక్యాలతో బతికేదాన్ని కదా, ఈ మాట నాకు భలే నచ్చింది.

అలా ఇప్పటి అమెరికా హైస్కూళ్ళలో ఫిజిక్సు మెట్లు మెట్లుగా ఉంది. అడుగున భావాలకి ప్రాధాన్యమిచ్చేది. దానిపైన మామూలుది. ఆపైన చురుకైనవాళ్ళకి ఆనర్స్. అన్నింటికీ పైన కాలేజీ స్థాయి పాఠాలు, ఎ.పి. అంటారు. అందులోనూ 2014 నుంచి బీజగణితంతో సరిపెట్టేవి రెండు, కలనగణితం కావలసినవి రెండు. మెట్లు పెరిగాక పిల్లలూ పెరిగారు. 1987లో హైస్కూలు ముగించినవాళ్ళలో నూటికి ఇరవై మంది ఫిజిక్సు చదివితే, 2013కి ముప్ఫైతొమ్మిది మంది అయ్యారని అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ వారి లెక్క. ఫిజిక్సు క్లాసుల్లో ఆడపిల్లల వాటా 1987లో నూటికి 39. 2005 నాటికి 47. అంటే ఇంచుమించు సగం!

సంతోషమే. కానీ పైమెట్టు వైపు చూడండి. కలనగణితంతో కూడిన ఆ చిట్టచివరి పరీక్ష రాసినవాళ్ళలో 2010ల నాటికి కూడా ఆడపిల్లలు ఇంచుమించు నలుగురిలో ఒకరే. గుమ్మంలో సగం మంది ఉన్నారు, డాబా మీద పావు వంతే ఉన్నారు. మెట్ల మధ్యలో ఎక్కడో వాళ్ళకి "ఇక్కడ చాల్లే" అని వినపడుతోందన్నమాట. ఇంటి ఫిజిక్సు పుస్తకాలు పోయినా ఆ మాట ఇంకా పోలేదు.

ఇదంతా చదివాక నాకు తోచింది ఇది. పదిమంది సంఘంవారు అన్నట్టు అందరికీ ఒకటే అంటే చాలామంది ఆకలితో లేచిపోయారు. ఎవరి స్థాయికి తగ్గది వాళ్ళకి అంటే కొందరిని కింద ఆపేశారు. కాబట్టి మెట్లు ఉండడం తప్పు కాదు, లేకపోతే పైకి వెళ్ళేదెలా? కింది మెట్టు మీద అసలు సరుకు ఉందా, అక్కణ్ణుంచి పై మెట్టుకి దారి తెరిచి ఉందా అన్నదే చూసుకోవాలి.

పై మెట్టువాళ్ళకి కింది మెట్టువాళ్ళ అవసరం ఉంటుందనడానికీ సాక్ష్యం ఉంది. లెక్కలు రాని ఫారడే అయస్కాంతం చుట్టూ బలరేఖలు ఉంటాయని ఊహించి బొమ్మలు గీసుకున్నాడు. మాక్స్‌వెల్ అనే పాతికేళ్ళ కుర్రాడు, గణితంలో ఘనుడు, ఆ బొమ్మలని గణితంలోకి దించడం మొదలెట్టాడు. తన వ్యాసం ఫారడేకి పంపాడు. అంత గణితం చూసి మొదట భయపడ్డానని ముసలాయన దాపరికం లేకుండా జవాబు రాశాడు. అదే 1857లో ఇంకో ఉత్తరంలో అడిగాడు: మీ గణితంవాళ్ళు ఒక నిశ్చయానికి వచ్చాక, దాన్ని మాలాంటివాళ్ళ మామూలు భాషలో కూడా చెప్పకూడదా, అప్పుడు మేమూ దానిమీద ప్రయోగాలు చేసుకుంటాం కదా అని. ఆ ఇద్దరి పని కలిసి, తర్వాత రేడియోకి దారి తీసింది.

కాబట్టి అమ్మా, వచ్చే జూన్‌లో మీ అమ్మాయి చదువు గురించి ఎవరైనా "లెక్కల్లో వీక్ అండీ, ఆ సెక్షనులో వేద్దాం" అంటే గాభరా పడకండి, అలాగేనని తలూపి కూడా వచ్చెయ్యకండి. రెండు ప్రశ్నలు అడగండి. ఆ సెక్షనులో ఏం చెబుతారు? ఏడాది తిరిగేసరికి పిల్ల బాగా చదివితే పై సెక్షనుకి మారుస్తారా? రెండోదానికి జవాబు లేదంటే, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుని ఇంకాసేపు మాట్లాడి రండి.